టీవీ యాడ్ ప్లానింగ్ గురించి అందరూ అడిగే ప్రశ్నలు

ఏజెన్సీ మీటింగుల్లో, క్లయింట్ కాల్స్‌లో మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టాం. కొన్నిటికి జవాబు పెద్దగానే ఉంటుంది, కొన్నిటికి రెండు ముక్కలు చాలు. యాడ్స్‌కి ఏ ఛానల్‌లో చోటు కొనాలి, ఏ యాప్‌లో కొనాలి అనేది ఇక్కడ దొరకదు, అది మీ ప్రొడక్ట్ ఏంటో, మీ కస్టమర్ ఎవరో తెలిస్తే తప్ప ఎవరూ చెప్పలేరు.

టీవీ పనైపోయింది అంటున్నారు కదా, ఇంకా బడ్జెట్ పెట్టాలా?

పనైపోలేదు గానీ పాత టీవీ కాదు. అమెరికాలో టీవీ ఎవరెంత చూశారో కొలిచే నీల్సన్ సంస్థ లెక్క చూడండి, 2022 జూలైలో మొదటిసారి స్ట్రీమింగ్ కేబుల్‌ని దాటింది, 2025 మేలో అయితే మొత్తం టీవీ చూసే టైమ్‌లో స్ట్రీమింగ్ 44.8 శాతం, బ్రాడ్‌కాస్ట్, కేబుల్ (అంటే పాత పద్ధతి ఛానళ్ళు) రెండూ కలిపి 44.2 శాతం. ఈ నంబర్ చూసి చాలామంది "అయిపోయింది" అంటారు, కానీ ఇంకోసారి చదవండి, ఆ 44.8 శాతం కూడా టీవీ సెట్ మీద చూసిందే, ఫోన్ మీద చూసింది కాదు. అంటే జనం హాల్లో ఉన్న పెద్ద స్క్రీన్‌ని వదిలేయలేదు, దాంట్లోకి కంటెంట్ వచ్చే దారి మారింది అంతే. ఇంకో సంగతి, అది చూసే టైమ్ వాటా, యాడ్స్ వేసుకునే వాటా కాదు. స్ట్రీమింగ్‌లో యాడ్స్ లేని ప్లాన్ తీసుకున్నవాళ్ళు కూడా అందులోనే ఉన్నారు, వాళ్ళకి మీరు ఎంత డబ్బు పెట్టినా యాడ్ చూపించలేరు.

అందుకే "టీవీకా డిజిటల్‌కా" అనే ప్రశ్నే తప్పు. అడగాల్సింది ఏంటంటే, నా యాడ్ ఇంకా ఎవరికి చేరలేదు, వాళ్ళు ఎక్కడున్నారు? కింద చెప్పేదంతా ఈ ఒక్కదాని చుట్టూనే తిరుగుతుంది.

లీనియర్, ఓటీటీ, సీటీవీ... ఇన్ని పేర్లు ఎందుకు? తేడా ఏంటి?

లీనియర్ అంటే ఛానల్ వేసిన టైమ్‌కి చూసేది. ఓటీటీ అంటే ఇంటర్నెట్ మీద వచ్చే వీడియో సర్వీస్, దాన్ని ఫోన్‌లో చూసినా, ల్యాప్‌టాప్‌లో చూసినా, టీవీలో చూసినా ఓటీటీనే. సీటీవీ అంటే కనెక్టెడ్ టీవీ, అంటే ఇంటర్నెట్ తగిలించిన టీవీ సెట్ అనే డివైజ్. ఒకటి సర్వీస్ పేరు, ఇంకోటి స్క్రీన్ పేరు. ఇది చిన్న తేడాలా కనిపిస్తుంది గానీ ప్లాన్‌లో "ఓటీటీ" అని ఒక లైన్ రాసి ఉంటే అందులో ఎంత భాగం టీవీ స్క్రీన్ మీద, ఎంత భాగం ఫోన్ మీద వస్తుందో తప్పకుండా అడగండి, రెండిటి రేటూ వేరు, పనిచేసే తీరూ వేరు.

యాడ్స్ వేసుకునే చోటు కూడా ఈ మధ్యే పెరిగింది. నెట్‌ఫ్లిక్స్ యాడ్స్ ఉన్న ప్లాన్ 2022 నవంబర్‌లో మొదలుపెట్టింది, ప్రైమ్ వీడియో 2024 జనవరిలో అమెరికాలో యాడ్స్ వేయడం మొదలుపెట్టింది, అదనంగా కట్టినవాళ్ళకి మాత్రమే యాడ్స్ ఉండవు. కాబట్టి అయిదేళ్ళ కిందటి ప్లాన్ ఫైల్ తీసి అంకెలు మార్చి పంపడం ఇప్పుడు కుదరదు (కుదరదు అన్నా చేసేవాళ్ళు చేస్తూనే ఉన్నారనుకోండి).

మా ప్లాన్‌లో 400 జీఆర్‌పీ అని ఉంది. అది మంచిదా కాదా?

ఆ నంబర్ ఒక్కటే చూస్తే మంచో చెడో ఎవరూ చెప్పలేరు. జీఆర్‌పీ (గ్రాస్ రేటింగ్ పాయింట్లు) అంటే రీచ్ ఇంటూ ఫ్రీక్వెన్సీ, మీ టార్గెట్ జనాల్లో ఎంత శాతం మంది కనీసం ఒకసారి చూశారు, చూసినవాళ్ళు సగటున ఎన్నిసార్లు చూశారు, ఈ రెండూ గుణిస్తే వచ్చేది. 80 శాతం మంది 5 సార్లు చూసినా 400, 40 శాతం మంది 10 సార్లు చూసినా 400. రెండూ ఒకటే అని ఎవరూ అనరు కదా.

అసలు గొడవ సగటులో ఉంది. ఇదిగో, టార్గెట్‌లో పదిమందే ఉన్నారనుకోండి, ఒక్కొక్కరు యాడ్ ఎన్నిసార్లు చూశారో వరసగా రాస్తే ఇలా వచ్చింది: 0, 0, 0, 1, 1, 2, 3, 5, 12, 16. మొత్తం 40. పదిమందికి 40 అంటే 400 జీఆర్‌పీ. రీచ్ 70 శాతం. సగటు ఫ్రీక్వెన్సీ 5.7. పీపీటీలో ఈ మూడు నంబర్లు పెద్ద అక్షరాలతో పెడతారు, అందరూ తల ఊపుతారు. ఇప్పుడు వరసని మళ్ళీ చూడండి. చివరి ఇద్దరే 28 సార్లు చూశారు, అంటే మీ డబ్బులో 70 శాతం ఆ ఇద్దరి మీదే పోయింది. ముగ్గురికి అసలు మీరున్నట్టే తెలీదు. ఇంకో ముగ్గురు ఒకసారో రెండుసార్లో చూశారు. "సగటున 5.7 సార్లు చూశారు" అన్నారు గానీ 5.7కి దగ్గరగా ఉన్నది ఒక్కడే, 5 సార్లు చూసినవాడు.

ఇది ఊహకి రాసిన లెక్కే అయినా నిజం ప్లాన్లలో ఆకారం ఇలాగే ఉంటుంది, ఎందుకంటే లీనియర్ టీవీని ఎక్కువసేపు చూసేవాళ్ళు కొద్దిమందే ఉంటారు, మీరు ఏ ఛానల్ కొన్నా, ఏ స్లాట్ కొన్నా వాళ్ళే మళ్ళీ మళ్ళీ తగులుతారు. తక్కువ చూసేవాళ్ళు స్ట్రీమింగ్‌కి పోయే కొద్దీ ఈ వంకర ఇంకా పెరుగుతోంది. అదే 400 జీఆర్‌పీ కొంటున్నా ఏటేటా రీచ్ తగ్గి ఫ్రీక్వెన్సీ పెరుగుతోంది అంటే కారణం ఇదే, మీ ప్లానర్ బద్ధకస్తుడు అని కాదు.

కాబట్టి అడగాల్సింది ఫ్రీక్వెన్సీ డిస్ట్రిబ్యూషన్ టేబుల్. సున్నా సార్లు ఎంతమంది, ఒకసారి ఎంతమంది, పదికి పైన ఎంతమంది. ఏ ప్లానింగ్ సాఫ్ట్‌వేర్ అయినా ఇస్తుంది, అడగరు కాబట్టి పెట్టరు.

మూడుసార్లు చూస్తేనే యాడ్ గుర్తుంటుంది అంటారు, నిజమేనా?

ఈ మూడు అనే నంబర్‌కి మూలం హెర్బర్ట్ క్రుగ్‌మన్ అనే పరిశోధకుడు 1972లో రాసిన వ్యాసం. ఆయన చెప్పింది మనసులో జరిగే మూడు దశల గురించి, మొదట ఇదేంటి అనుకుంటాడు, తర్వాత దీంతో నాకేం పని అనుకుంటాడు, మూడోది గుర్తుచేయడం, ఆ తర్వాత ఎన్నిసార్లు చూసినా మూడోదానికిందే లెక్క. దాన్ని మీడియా వాళ్ళు "నెలకి మూడు స్పాట్లు తగలాలి" అని సూత్రంగా మార్చేసుకున్నారు. ఆయన ఉద్దేశం ప్రకారం టీవీలో ఇరవైమూడోసారి చూసినవాడు కూడా మనసులో ఇంకా మొదటి దశలోనే ఉండొచ్చు, అవసరం లేకపోతే పట్టించుకోడు కాబట్టి.

తర్వాత 1990లలో ఎర్విన్ ఎఫ్రాన్ అనే మీడియా ప్లానర్ వేరే దారి చెప్పారు. కొనబోయే టైమ్‌కి దగ్గరగా ఒక్కసారి తగిలినా చాలు, ఎన్నిసార్లు అనేదానికంటే ఎప్పుడు అనేది ముఖ్యం అని. మా అభిప్రాయం అడిగితే, జనానికి తెలిసిన బ్రాండ్‌కి, రోజూ కొనే వస్తువుకి ఎఫ్రాన్ మాటే నయం, కొత్త ప్రొడక్ట్‌కి, అర్థం కావడానికి టైమ్ పట్టే వస్తువుకి కాస్త ఎక్కువసార్లు కావాలి. ఏదైనా సరే, పన్నెండు పదహారు సార్లు అవసరం అని మాత్రం ఇద్దరూ చెప్పలేదు.

టీవీలో 60 శాతం రీచ్, సీటీవీలో 30 శాతం. మొత్తం 90 వచ్చినట్టేనా?

రాదు. రెండిట్లోనూ చూసినవాళ్ళని రెండుసార్లు లెక్కేశారు. రెండూ ఒకదానికొకటి సంబంధం లేనివి అనుకుంటే లెక్క ఇలా: టీవీలో తగలనివాళ్ళు 40 శాతం, సీటీవీలో తగలనివాళ్ళు 70 శాతం, రెండిట్లోనూ తగలనివాళ్ళు 0.4 ఇంటూ 0.7 అంటే 28 శాతం, కాబట్టి రీచ్ 72. దీన్ని సెయిన్స్‌బరీ ఫార్ములా అంటారు, పాతదే, ఇప్పటికీ ఎక్సెల్‌లో చాలామంది వాడేది ఇదే.

అంటే ఆ 30లో కొత్తగా వచ్చింది 12 మాత్రమే. అది తక్కువ అని నిరాశపడకండి, లీనియర్‌లోనే ఇంకో 100 జీఆర్‌పీ కొని ఉంటే ఎంత వచ్చేదో చూసి పోల్చండి. మొదటి 100 జీఆర్‌పీకి రీచ్ గబగబా లేస్తుంది, రెండో వందకి కొంచెం, నాలుగో వందకి వచ్చేసరికి దాదాపు పడుకుంటుంది. చాలా ప్లాన్లలో ఆ చివరి వంద తీసి పక్కన పెట్టి దాంతో సీటీవీ కొంటే, చేరనివాళ్ళు అక్కడ దొరుకుతారు. నిజజీవితంలో లీనియర్ తక్కువ చూసేవాళ్ళే స్ట్రీమింగ్ ఎక్కువ చూస్తుంటారు కాబట్టి 72 కంటే కాస్త ఎక్కువే రావొచ్చు. కానీ సీటీవీ కొనేటప్పుడు కూడా అన్ని ఇళ్ళకీ చల్లేస్తే ఆ లాభం పోతుంది. లీనియర్‌లో మన యాడ్ చూడని ఇళ్ళకే వేయమని అడగండి, స్మార్ట్ టీవీలు తెర మీద ఏం ఆడుతుందో గుర్తుపట్టే టెక్నాలజీ ఉన్న చోట్ల ఇది కుదురుతుంది.

సీటీవీ సీపీఎం చాలా ఎక్కువగా ఉంది, టీవీ సీపీఆర్‌పీ చవగ్గా ఉంది. ఎలా పోల్చాలి?

సీపీఎం అంటే వెయ్యి ఇంప్రెషన్లకి (యాడ్ ఒకసారి కనపడితే ఒక ఇంప్రెషన్) అయ్యే ఖర్చు, సీపీఆర్‌పీ అంటే ఒక రేటింగ్ పాయింట్‌కి అయ్యే ఖర్చు. రెండిటినీ ఒకే కొలతలోకి తేవాలి. టార్గెట్ జనాభా కోటి అనుకోండి, ఒక రేటింగ్ పాయింట్ అంటే అందులో 1 శాతం, లక్ష ఇంప్రెషన్లు, అంటే వంద వేలు. కాబట్టి సీపీఆర్‌పీని 100తో భాగిస్తే సీపీఎం వచ్చేస్తుంది. జనాభా రెండు కోట్లైతే 200తో భాగించాలి.

అక్కడితో ఆగితే తప్పు. టీవీ సీపీఆర్‌పీ మీ టార్గెట్ మీదే లెక్కేసింది. సీటీవీ సీపీఎం మామూలుగా చూపించిన ప్రతి ఇంప్రెషన్‌కీ. అందులో 40 శాతమే మీ టార్గెట్‌కి పోయిందంటే అసలు ఖర్చు 2.5 రెట్లు. ఇంకోవైపు, సీటీవీ వాళ్ళు డివైజ్‌ని లెక్కపెడతారు, ఆ టీవీ ముందు ఇద్దరు కూర్చుంటే నిజానికి ఇద్దరు చూసినట్టు, అది మీకు కలిసొచ్చేది. కొందరు సెల్లర్లు ఈ కో-వ్యూయింగ్ పేరు చెప్పి ఇంప్రెషన్లని రెట్టింపు చేసి చూపిస్తారు, ఆ గుణకం ఎక్కడినుంచి వచ్చిందో చెప్పకపోతే ఒప్పుకోకండి.

ఇవన్నీ అయ్యాక కూడా చివరికి చూడాల్సింది కొత్తగా చేరిన ఒక్కో మనిషికి ఎంత అయ్యింది అనేదే. సీపీఎం ఎక్కువైనా కొత్తవాళ్ళని తెస్తే అది చవక.

రేటింగ్స్‌ని నమ్మొచ్చా? కొన్ని వేల ఇళ్ళు చూసి అందరి సంగతీ ఎలా చెప్తారు?

ప్యానెల్ (కొలత కోసం ఎంచుకున్న ఇళ్ళు) చిన్నదైనా సరిగ్గా ఎంచుకుంటే పెద్ద ప్రోగ్రామ్‌లకి బాగానే చెప్తుంది. ఇంట్లో మీటర్ పెడతారు, ఎవరు చూస్తున్నారో వాళ్ళు రిమోట్‌లో తమ బటన్ నొక్కాలి, ఈ పీపుల్ మీటర్‌ని అమెరికాలో నీల్సన్ 1987 నుంచి వాడుతోంది. ఇబ్బంది ఎక్కడంటే, ఛానళ్ళు వందల్లో అయ్యాక చిన్న ఛానల్‌కి ప్యానెల్‌లో నలుగురైదుగురే తగులుతారు, అందులో ఒక కుటుంబం ఊరెళ్తే రేటింగ్ సగానికి పడిపోతుంది. కాబట్టి చిన్న ఛానల్‌కి ఒక వారం రేటింగ్ చూసి ఆర్డర్ రాయకండి, కనీసం కొన్ని వారాల సగటు తీసుకోండి.

ఈ లోటు పూడ్చడానికే ఇప్పుడు సెట్‌టాప్ బాక్సులు, స్మార్ట్ టీవీల నుంచి వచ్చే పెద్ద డేటాని ప్యానెల్‌తో కలుపుతున్నారు. పెద్ద డేటాకి ఇల్లు తెలుసు గానీ ఇంట్లో ఎవరు చూశారో తెలీదు, ప్యానెల్‌కి మనిషి తెలుసు గానీ ఇళ్ళు తక్కువ. రెండూ కావాలి. బ్రిటన్‌లో అయితే బార్బ్ అనే సంస్థ కొలతల్లోకి నెట్‌ఫ్లిక్స్ కూడా 2022లో వచ్చింది, ఛానళ్ళనీ స్ట్రీమింగ్‌నీ ఒకే ప్యానెల్ మీద చూసుకోవచ్చు. అన్ని చోట్లా ఈ సౌకర్యం లేదు.

ఒకే ఎపిసోడ్‌లో ఒకే యాడ్ నాలుగుసార్లు వస్తోంది. మేం ఫ్రీక్వెన్సీ క్యాప్ పెట్టాం కదా?

ఫ్రీక్వెన్సీ క్యాప్ అంటే ఒకరికి ఇన్నిసార్లకి మించి యాడ్ చూపించొద్దు అనే హద్దు. పెట్టారు, కానీ ఎక్కడ పెట్టారు? మీ యాడ్ ఒక యాప్‌లో నేరుగా కొన్నారు, అదే యాప్‌ని ఏజెన్సీ ప్రోగ్రామాటిక్‌గా (అంటే సాఫ్ట్‌వేర్ ద్వారా ఆటోమేటిక్‌గా) ఇంకో ప్లాట్‌ఫామ్ నుంచి కూడా కొంటోంది, టీవీ తయారుచేసిన కంపెనీ దగ్గర ఒక ప్యాకేజీ తీసుకున్నారు. మూడు చోట్లా క్యాప్ రోజుకి రెండు అని పెట్టినా ఒకదాని లెక్క ఇంకోదానికి తెలీదు, కాబట్టి ఆరుసార్లు రావొచ్చు. దీనికి మందు కొనే దారులు తగ్గించుకోవడమే, వీలైనంత ఒకే చోటునుంచి కొని క్యాప్ అక్కడ పెట్టడం.

ఇదే సందర్భంలో ఇంకోటి, టీవీకి తగిలించే స్టిక్ ద్వారా చూసేవాళ్ళు టీవీ ఆపేసినా స్టిక్‌లో వీడియో ఆడుతూనే ఉండొచ్చు. రిపోర్ట్‌లో అది 100 శాతం కంప్లీషన్, అంటే యాడ్ చివరిదాకా ఆడింది అని పడుతుంది. అందుకే సీటీవీలో కంప్లీషన్ రేట్ 97, 98 అని గొప్పగా చూపిస్తే ఆనందపడకండి, అక్కడ స్కిప్ బటనే లేనప్పుడు ఆ నంబర్ అంత రాకుండా ఎలా ఉంటుంది?

బ్రాండ్‌కి ఎంత, వెంటనే సేల్స్ తెచ్చే యాడ్స్‌కి ఎంత?

లెస్ బినెట్, పీటర్ ఫీల్డ్ అనే ఇద్దరు బ్రిటన్‌లో అవార్డులకి పంపిన యాడ్ క్యాంపెయిన్ల డేటాబేస్ తవ్వి 2013లో చెప్పిన నంబర్ 60:40, బ్రాండ్‌కి 60. అందరూ దీన్ని వేదంలా వల్లిస్తారు, కానీ అది సగటు, కేటగిరీని బట్టి మారుతుందని వాళ్ళే తర్వాత చెప్పారు. నంబర్ కంటే వెనకున్న సంగతి ముఖ్యం, రేపే కొనేవాళ్ళు ఎప్పుడూ కొద్దిమందే, మిగతావాళ్ళు కొనే రోజు వచ్చేసరికి మీ పేరు గుర్తుండాలి. పెద్ద స్క్రీన్ ఆ పనికి ఇప్పటికీ బాగా పనికొస్తుంది.

ఒకేసారి గట్టిగా వేయాలా, ఏడాది పొడుగునా కొంచెం కొంచెం వేయాలా?

లాంచ్ అయితే మొదట గట్టిగా. లేదంటే మా ఓటు కొంచెం కొంచెంకే. యాడ్ ప్రభావం ఆపిన వారమే పోదు, మెల్లగా కరుగుతుంది, సైమన్ బ్రాడ్‌బెంట్ 1979లో దీనికి యాడ్‌స్టాక్ అని పేరు పెట్టి లెక్క కట్టారు. నాలుగు వారాలు కుమ్మేసి మూడు నెలలు మాయమైతే, ఆ నాలుగు వారాల్లో పైన చెప్పిన 12, 16 సార్లవాళ్ళు తయారవుతారు, తర్వాత మూడు నెలల్లో కొనడానికి బయల్దేరినవాడికి మీరు కనపడరు.

30 సెకన్ల టీవీ యాడ్‌నే కట్ చేసి ఫోన్‌కి వాడేయొచ్చా?

వాడేస్తారు, అందుకే సగం పనిచేయవు. టీవీ యాడ్‌లో కథ నడిచి చివర్లో బ్రాండ్ పేరు వస్తుంది, జనం కూర్చుని చూస్తారు కాబట్టి నడుస్తుంది. ఫోన్ ఫీడ్‌లో సౌండ్ ఉండదు, వేలు పైకి జరుగుతూనే ఉంటుంది, చివరిదాకా ఎవడూ రాడు. అక్కడ యాడ్ కనపడింది అనడానికి ఎంఆర్‌సీ (అమెరికాలో మీడియా కొలతలకి ప్రమాణాలు పెట్టే సంస్థ) పెట్టిన కనీస ప్రమాణం ఏంటో తెలుసా, వీడియోలో సగం పిక్సెల్స్ రెండు సెకన్లు తెర మీద ఉంటే చాలు. కాబట్టి షూటింగ్ రోజే ఫోన్ వెర్షన్‌కి వేరే షాట్లు తీయించుకోండి, పేరు మొదటి రెండు సెకన్లలో కనపడేలా. ఇంకోటి, టీవీ వెర్షన్‌లో కింద వేసే చిన్న అక్షరాలని ఎడిట్ రూమ్ మానిటర్ మీద చూసి ఓకే చేయకండి, నిజం టీవీ ముందు సోఫాలో కూర్చుని చదవగలరేమో చూడండి.

లైవ్ స్పోర్ట్స్‌కి అంత డబ్బు పెట్టడం దండగ కాదా?

ఒకే టైమ్‌కి అందరూ చూసేది ఇప్పుడు అదే మిగిలింది. 2025 సూపర్ బౌల్‌ని (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) అమెరికాలో సగటున 12.77 కోట్ల మంది చూశారని నీల్సన్ లెక్క, దాంట్లో స్ట్రీమింగ్ కూడా కలిసే ఉంది. మామూలుగా టీవీ చూడనివాళ్ళు కూడా ఆ రోజు దొరుకుతారు. కానీ సీజన్ మొత్తం కొంటే ఫ్యాన్స్‌కే యాభైసార్లు తగులుతుంది, కాబట్టి బడ్జెట్ మితంగా ఉంటే కొన్ని పెద్ద మ్యాచ్‌లు చాలు.

బడ్జెట్ చాలా తక్కువ. టీవీ జోలికి వెళ్ళకపోవడమే మంచిదా?

అన్ని ఏరియాలకీ పలచగా పూసేకంటే ఒకటి రెండు ఏరియాలు ఎంచుకుని అక్కడ కనపడేలా వేయండి. సీటీవీ వచ్చాక ఇది తేలికైంది. టార్గెటింగ్ మాత్రం మరీ సన్నగా చేయకండి, ప్రతి ఫిల్టర్‌కీ రేట్ పెరుగుతుంది, ఐపీ అడ్రస్ చూసి ఇల్లు గుర్తుపట్టడం అనుకున్నంత గురిగా ఉండదు.

యాడ్ పనిచేసిందో లేదో ఎలా తెలుసుకోవాలి?

మొదట ఏది చూడకూడదో చెప్తాం. చివరి క్లిక్ ఎవరిదో వాళ్ళకే క్రెడిట్ ఇచ్చే రిపోర్ట్‌తో టీవీని కొలవకండి. టీవీలో చూసి, రెండు రోజులాగి, సెర్చ్‌లో మీ పేరు కొట్టి కొన్నవాడు ఆ రిపోర్ట్‌లో సెర్చ్ యాడ్ తెచ్చిన కస్టమర్ అని పడతాడు. టీవీ ఆపేశాక ఆరు నెలలకి సెర్చ్ ఖర్చు ఎందుకు పెరిగిందా అని బుర్ర గోక్కునేది ఇలాంటి చోట్లే.

స్పాట్ పడిన కొద్ది నిమిషాల్లో వెబ్‌సైట్ ట్రాఫిక్ లేచిందా అని చూడటం ఏ ఛానల్ ఏ టైమ్ బాగుంది అని పోల్చడానికి పనికొస్తుంది, మొత్తం ప్రభావానికి కాదు. వెంటనే ఫోన్ తీసేవాళ్ళు కొద్దిమందే.

మేం ఎక్కువ నమ్మేది ఏరియా టెస్ట్. సేల్స్ ఒకేలా కదిలే ఏరియాలని జతలుగా పెట్టి, సగం చోట్ల యాడ్ వేసి సగం చోట్ల ఆపి, తేడా చూడాలి. వినడానికి సులువే, ఆచరణలో సేల్స్ టీమ్ "మా ఏరియాలో ఎందుకు ఆపారు" అని గొడవ చేస్తుంది, మధ్యలో ఎవరో ఒక ఆఫర్ పెట్టేస్తారు, టెస్ట్ పాడవుతుంది. ముందే అందరితో మాట్లాడి ఆ వారాల్లో ధరలు, ఆఫర్లు ముట్టుకోకూడదని రాయించుకోండి.

మార్కెటింగ్ మిక్స్ మోడల్ ఇంకో దారి, పాత ఖర్చులూ సేల్స్ పక్కపక్కన పెట్టి దేనివల్ల ఎంత వచ్చిందో అంచనా వేసే స్టాటిస్టిక్స్ లెక్క అది. ఒకప్పుడు పెద్ద కంపెనీలకే సాధ్యం, ఇప్పుడు మెటా వాళ్ళ రాబిన్, గూగుల్ వాళ్ళ మెరిడియన్ ఓపెన్ సోర్స్‌లో ఉన్నాయి. రెండు మూడేళ్ళ వారం వారం డేటా కావాలి. అయితే మీరు ప్రతిసారీ టీవీ, డిజిటల్, డిస్కౌంట్ మూడూ ఒకే నెలలో కలిపి పెంచుతూ వచ్చి ఉంటే ఏ మోడల్ కూడా దేనివల్ల సేల్స్ వచ్చాయో విడదీయలేదు, ఏదో ఒక నంబర్ మాత్రం ఇస్తుంది. అందుకే మోడల్‌ని ఏరియా టెస్ట్‌తో సరిచూసుకోవాలి. ఇంకో మాట, సొంత మీడియా అమ్ముకునే కంపెనీ తయారుచేసిన టూల్ అని గుర్తుపెట్టుకుని వాడండి.

క్యాంపెయిన్ మధ్యలో ప్లాన్ మార్చొచ్చా?

సీటీవీ అయితే వారంలో మార్చేయొచ్చు. లీనియర్‌లో రిలీజ్ ఆర్డర్ (ఛానల్‌కి ఇచ్చే బుకింగ్ ఆర్డర్) ఇచ్చాక కష్టం, కాబట్టి మొత్తం బడ్జెట్ మొదటిరోజే బుక్ చేయకుండా కొంత భాగం చేతిలో ఉంచుకోండి. రెండో వారం చివర్లో డిస్ట్రిబ్యూషన్ టేబుల్ తెప్పించండి, అందులో సున్నా దగ్గర ఉన్న శాతం తగ్గుతోందా లేక పదికి పైన ఉన్న శాతమే పెరుగుతోందా చూసి, ఆ చేతిలో ఉన్న డబ్బు ఎటు పంపాలో అప్పుడు తేల్చుకోండి. ఛానల్ వాళ్ళు ఒప్పుకున్న రేటింగ్ రాకపోతే బదులుగా ఇచ్చే ఫ్రీ స్పాట్లు కూడా అర్ధరాత్రి స్లాట్లలో కుక్కకుండా ఏ టైమ్ బ్యాండ్‌లో ఇవ్వాలో ఆర్డర్‌లోనే రాయించండి, తర్వాత అడిగితే ఇవ్వరు.